మెయిల్ మర్జ్‌లో వచ్చే ఎస్‌క్యూఎల్ హెచ్చరికను తీసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విజయవాడలో మీ ఆఫీసు ఉత్తరాల వర్డ్ ఫైలుకు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లోని డేటా కలిపారు, పేర్లూ అంకెలూ ఉత్తరాల్లో వాటంతటవే పడేలా (దీన్నే మెయిల్ మర్జ్ అంటారు). ఫైలు తెరిచిన ప్రతిసారీ డేటా తెచ్చే ఎస్‌క్యూఎల్ కమాండ్ నడుస్తుంది, కొనసాగించాలా అని అడుగుతోంది. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే ఈ గోల పోతుందని ఎవరో చెప్పారు.

మార్చకండి. ఎస్‌క్యూఎల్‌సెక్యూరిటీచెక్ అనే ఆ విలువను 0 చేస్తే, ఆ యూజర్ వర్డ్‌లో తెరిచే ఏ మర్జ్ ఫైలుకూ ఇక అడగదు. రేపు ఎవరో మెయిల్లో పంపిన ఫైలుకైనా అంతే. ఒక్క క్లిక్కే కదండీ, ఉండనివ్వండి.

దానికంటే ముందు ఏ లాగిన్‌తో కలిపారో చూడండి. నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్కల సాఫ్ట్‌వేర్ పని చూస్తుంటాను. రైతులకు అద్దె బాకీ ఉత్తరాలు వర్డ్ నుంచే వెళ్తాయి. చాలాచోట్ల తొందరలో, సర్వర్ మీద సర్వాధికారాలూ ఉండే 'ఎస్ఏ' లాగిన్ ఇచ్చేసి, పాస్‌వర్డ్ ఫైల్లో సేవ్ చేయాలా అన్నచోట టిక్ పెట్టేస్తారు. ఆ కనెక్షన్ మై డేటా సోర్సెస్ ఫోల్డరులో ఓడీసీ (కనెక్షన్ వివరాలు ఉండే) ఫైలుగా పడి ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనబడుతుంది. ఉత్తరాలు కొట్టే కుర్రాడికి గోడౌను తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టే.

నేనైతే సర్వర్‌లో ఒక వ్యూ (టేబుళ్లలోంచి కావలసిన కాలమ్‌లే చూపే పట్టిక లాంటిది) రాయిస్తాను. అందులో రైతు పేరు, ఊరు, లాటు నంబరు, ఎన్ని టిక్కీలు (బస్తాలు), బాకీ ఎంత, అంతే. ఆధార్, బ్యాంకు ఖాతా ఉత్తరంలో రావు కాబట్టి వ్యూలోనూ ఉండవు. ఆ వ్యూ మీద మాత్రమే సెలెక్ట్ (చదివే) అనుమతి ఇస్తే చాలు. వ్యూకీ టేబుళ్లకీ ఓనర్ ఒకరే అయితే టేబుళ్ల మీద విడిగా అనుమతి అక్కర్లేదు. డొమైన్ (ఆఫీసు కంప్యూటర్ల లాగిన్లన్నీ ఒకేచోట నడిపే ఏర్పాటు) ఉంటే విండోస్ లాగిన్‌తోనే కలపండి, పాస్‌వర్డ్ దాచే పనే ఉండదు. లేదంటే ఈ ఒక్క పనికి వేరే లాగిన్ పెట్టి, పాస్‌వర్డ్ ప్రతిసారీ టైపు చేయించండి. విసుక్కుంటారు, తప్పదు. ఇంటి నుంచి పని చేయడానికని ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడే 1433 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమంటే మాత్రం ఒప్పుకోకండి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించండి.

ఇంకోటి, ఆ వర్డ్ ఫైల్లోనే సర్వర్ పేరు, క్వెరీ (ఆ ఎస్‌క్యూఎల్ కమాండ్) దాగి ఉంటాయి. నమూనా చూడమని బయటికి పంపేటప్పుడు స్టార్ట్ మెయిల్ మర్జ్‌లో 'నార్మల్ వర్డ్ డాక్యుమెంట్' ఎంచుకుని, లింకు తెంచి పంపండి.

వ్యూ రాసేటప్పుడే తేదీని కన్వర్ట్‌తో 105 శైలిలోకి (రోజు-నెల-సంవత్సరం) మార్చేయండి. లేకపోతే వర్డ్ నెలను ముందు వేస్తుంది, ఏప్రిల్ 5 కాస్తా మే 4 అనుకుని రైతు గొడవకొస్తాడు. పేర్లు తెలుగులో ఉంటే ఆ కాలమ్ ఎన్‌వార్‌చార్ (అన్ని భాషల లిపులూ పట్టే రకం) అయి ఉండాలి, కాకపోతే పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు అచ్చవుతాయి.