నక్షత్రం గుర్తు దగ్గర ఇంటర్న్‌షిప్ పోయింది... నెట్‌వర్కింగ్‌కి మారిపోనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో 192.168.1.* (నక్షత్రం చోట 0 నుంచి 255 వరకు ఏదైనా) పరిధిలోని ఐపీ అడ్రస్‌లనే, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ ఇచ్చే నంబర్లనే, రానిచ్చే ప్రోగ్రామ్ రాయమన్నారు. మొదటి అక్షరాలు కలిశాయా అని చూసే స్టార్ట్స్‌విత్‌తో రాశాను. 192.168.10.5 ఇస్తే అదీ లోపలికొచ్చేసింది. కోడింగ్ మానేసి నెట్‌వర్కింగ్ కోర్సులో చేరమంటున్నారు నాన్న. ఏం చేయను?

జవాబు: చేరొద్దని అనను గానీ, ఈ ఒక్క కారణంతో చేరకండి. అక్కడికెళ్లినా మొదట్లోనే ఇదే లెక్క ఎదురొస్తుంది.

మీరు అడ్రస్‌ని అక్షరాల వరసగా చూశారు. ‘192.168.1’తో మొదలయ్యేవంటే 10, 100, 199 అన్నీ వచ్చేస్తాయి. చివర చుక్క పెట్టుంటే ఆ గండం గడిచేది. పిన్‌కోడ్‌కైతే ఆ చూపు చాలు: 5332 పక్కన రెండు నక్షత్రాలు పెడితే అమలాపురం 533201, రాజోలు 533242 రెండూ పడతాయి. ఐపీ అడ్రస్ అలా కాదు. లోపల అది 32 బిట్ల (0 లేదా 1 అంకెల) సంఖ్య, చుక్కలు మన కళ్ల కోసం. దాని పరిధులు 256, 128, 64 ఇలా సగానికి సగం తెగుతాయి.

మీ ఊళ్లో రొయ్యల చెరువుల మీద కెమెరాలకు 192.168.1.64 నుంచి 127 వరకు కేటాయించారనుకోండి. నక్షత్రంతో రాయండి చూద్దాం. కుదరదు. 1993లో వచ్చిన సైడర్ పద్ధతిలో 192.168.1.64/26 అంటే సరి: మొదటి 26 బిట్లు కదలవు, మిగిలిన ఆరింటితో 64 అడ్రస్‌లు. సిస్కో కంపెనీ రౌటర్‌లో అదే పరిధికి వైల్డ్‌కార్డ్ మాస్క్ 0.0.0.63. బిట్ సున్నా అయినచోట కచ్చితంగా కలవాలి, ఒకటి అయినచోట ఏదున్నా పర్లేదు. కదలని బిట్లకు ఒకటి, మిగతావాటికి సున్నా పెట్టే సబ్‌నెట్ మాస్క్‌ని తిరగేసినట్టుంటుంది, అందుకే చాలామంది ఇక్కడ తికమకపడతారు.

పైథాన్‌లో ఈ పనికి ఐపీఅడ్రస్ అనే మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన కోడ్) ఉంది. దానికి నక్షత్రం అర్థం కాదు, 192.168.1.0/24 అనే ఇవ్వాలి. ముందు దాన్ని ముట్టకుండా మీరే రాయండి. నక్షత్రం చోట 0 పెడితే మొదటి అడ్రస్, 255 పెడితే చివరిది. రెంటినీ సంఖ్యలుగా మార్చి, వచ్చిన అడ్రస్ ఆ మధ్యలో ఉందేమో చూడడమే. 10.*.5.1 లాగా నక్షత్రం నడుమ పడితే ఈ ఉపాయం చెల్లదు. ఎందుకో కాగితం మీద వేసి చూడండి.

కోర్సు ఫీజు ఇప్పుడే కట్టొద్దని నాన్నగారికి చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో, కోడిపందేల గోలలో వీలు చిక్కితే, ఈ ప్రోగ్రామ్ పూర్తిచేయండి. ఎవరిదైనా చెరువు దగ్గర కెమెరాల రౌటర్ సెట్టింగులు కూడా అడిగి చూడండి. రెండింట్లో ఏ పని దగ్గర మీకు టైమ్ తెలియకుండా గడిచిందో నాకు మళ్లీ రాయండి.