పొందూరులో ఖద్దరు తప్ప ఇంకేముంది అంటే

"పొందూరు అంటే ఖద్దరే కదా, ఊళ్ళో ఇంకేం చూడాలి" అని ఒకరు అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ పొందూరు నేను పుట్టి పెరిగిన ఊరు కాబట్టి చెప్తున్నా, మా ఊరి సంగతంతా ఆ ఖద్దరులోనే ఉందండి, కాకపోతే బయటవాళ్ళు పంచె దగ్గర మొదలెడతారు, మాకు కథ పత్తి దగ్గర మొదలవుద్ది.

ఇంత సన్నటి నూలు చేత్తో ఎలా తీస్తున్నారో చూసి రమ్మని గాంధీగారు కొడుకు దేవదాస్ గాంధీని పంపారని ఊళ్ళో ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తారు. ఖాదీ సంఘం పెట్టింది 1949లో, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, అంటే వయసులో జిల్లా కంటే మా సంఘమే పెద్దది. అక్కినేని నాగేశ్వరరావు గారు ఇష్టంగా కట్టుకున్నది కూడా మా పొందూరు పంచే.

ఇవి అందరూ చెప్పేవే. ఇళ్ళల్లో జరిగే పని మాత్రం ఎవరూ రాయరు. మా అమ్మమ్మ వడికేది. కొండపత్తి ఏరి, వాలుగ చేప దవడతో దువ్వేది, అవును చేప దవడే, దానికి సన్నటి పళ్ళు ఒత్తుగా ఉంటాయి, గింజని వేళ్ళతో పట్టుకుని చుట్టూ ఉన్న దూదిని దాంతో దువ్వితే చెత్తా నలకా పోయి పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి నిగనిగలాడతాయి. ఆ దవడలు రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకుంటారు. తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీతో దొర్లించి గింజ తీయడం, ఏకడం అంటే దూదిని పొడిపొడిగా విడదీయడం, దాన్ని ఏకులుగా అంటే సన్నటి చుట్టలుగా చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకోవడం, ఇన్ని అయ్యాకే రాట్నం ముందు కూర్చునేది. ఎండాకాలంలో కూడా ఫ్యాన్ వెయ్యనిచ్చేది కాదు, నేను పక్కన కూర్చుంటే "ఏటే గుంటా, అలా ఊదకు, దూదెగిరిపోద్ది" అనేది.

మధ్యాహ్నం అయితే వీధి అరుగుల మీద ఆడవాళ్ళంతా రాట్నాలు పెట్టుకుని కూర్చునేవారు, ఎవరింటికి పెళ్ళివారొచ్చారు, ఎవరి కోడలు అలిగింది, ఏ చీటీ ఎవరు పాడారు, అన్నీ అక్కడే తేలేవి, చెయ్యి మాత్రం ఆగేది కాదు. వడికిన నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, సంఘంలో ఇచ్చి కూలి డబ్బులూ మళ్ళీ పత్తీ తెచ్చుకునేవారు. ఆ డబ్బులు ఆడవాళ్ళ చేతికే వచ్చేవి, మా అమ్మ స్కూలు పుస్తకాలు కొన్నది వాటితోనే.

నా బాధల్లా ఒకటే. నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు అంత సన్నం) తీసే చేతికి వచ్చే కూలి ఇప్పటికీ చాలా తక్కువ, అందుకే మా వయసు ఆడపిల్లలు షాపుల్లో పనికీ విశాఖకీ వెళ్ళిపోతున్నారు, వాళ్ళని తప్పుపట్టలేం. నేసేవాళ్ళ పేరైనా అప్పుడప్పుడూ పేపర్లో వస్తది, వడికేవాళ్ళది అదీ రాదు.

మీరు వస్తే పాసింజర్ ఎక్కండి, హౌరా చెన్నై లైన్లోనే మా స్టేషన్ ఉంది. పొద్దున్నే రండి, సంఘంలో అడిగితే వడికే ఇళ్ళు చూపిస్తారు, ఫోటో తీసే ముందు "అమ్మా తియ్యొచ్చా" అని ఒక మాట అడగండి. కొనేటప్పుడు కొండపత్తి నూలా, చేత్తో వడికిందేనా, ఎన్నో నంబరు అని గట్టిగా అడిగి మరీ కొనండి, బజార్లో పొందూరు పేరుతో అమ్మేదంతా పొందూరుది కాదు. ధర ఎక్కువనిపిస్తే బేరం ఆడకండి, ప్లీజ్.