తాడెందుకు పొగలొచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, నేను డిప్లొమా మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. పెల్టన్ వీల్ (నీటి ధార కొట్టి తిప్పే టర్బైన్) ప్రయోగంలో బరువులు పెంచుతుంటే బ్రేక్ డ్రమ్ మీది తాడు పొగలొచ్చింది. భయపడి బరువులు తీసేశాం. తప్పెక్కడ జరిగింది? మా ప్రాజెక్టుకి చిన్న టర్బైన్ చేస్తున్నాం. దానికి డైనమో కట్టి బల్బులు వెలిగిస్తే పవర్ తెలుస్తుందా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఇంకెప్పుడూ నీళ్లు కట్టేయకుండా బరువులు తీయకు. నేను ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఒకసారి ఓ అబ్బాయి మీలాగే కంగారుపడి బరువులన్నీ ఒక్కసారి లాగేశాడు. చక్రం కూత పెట్టింది. నేను పరుగెత్తి నీటి ధారను కట్టేసే స్పియర్ వాల్వ్ తిప్పేదాకా ప్రాణం గొంతులోకొచ్చింది. లోడ్ లేకపోతే పెల్టన్ చక్రం మామూలు వేగానికి దాదాపు 1.8 రెట్లు అందుకోగలదు.

ఇక పొగ సంగతి. చాలామంది పిల్లలు టర్బైన్ శక్తంతా ఆ బరువులకే పోతుందనుకుంటారు. ఆ బరువుల్ని ఒకసారి గమనించు. తాడు ఒక కొసన వాటిని మోసే హ్యాంగర్ కదలకుండా అలాగే వేలాడుతుంటుంది. కదలని బరువు మీద పని జరగదు. శక్తిని మింగేది తాడుకీ డ్రమ్‌కీ మధ్య రాపిడి, అదంతా వేడిగా మారుతుంది. బరువులోంచి, తాడు రెండో కొసనున్న స్ప్రింగ్ బ్యాలెన్స్ రీడింగ్ తీసేస్తే వచ్చేది ఆ రాపిడి బలం, అంతే.

లెక్క వేద్దాం. ఆ తేడా 10 కిలోలు, తాడు మందంలో సగం కలుపుకుని డ్రమ్ వ్యాసార్ధం 16 సెంటీమీటర్లు, వేగం 1000 ఆర్‌పీఎం (నిమిషానికి 1000 చుట్లు) అనుకో. సుమారు 1.6 కిలోవాట్లు వస్తుంది. అంటే పెద్ద వాటర్ హీటర్ పెట్టేంత వేడి అరచేయంత వెడల్పు ఇనప అంచు మీద పుడుతోందన్నమాట! అందుకే డ్రమ్ అంచు లోపల గాడి ఉంటుంది. తిరిగేటప్పుడు నీళ్లు అంచుకి అతుక్కుని అందులోనే నిలుస్తాయి. అయితే అర లీటరు పోసి వదిలేస్తే పావుగంట తిరక్కుండానే ఆవిరైపోతాయి. మీ దగ్గర జరిగింది ఇదే అయ్యుంటుంది. చివరి రీడింగులకొచ్చేసరికి డ్రమ్ ఎండిపోయి ఉంటుంది. సన్నటి ధారగా నీళ్లు పడుతూనే ఉండాలి. నిమిషానికి లీటరు పోస్తే, వేడంతా వాటికే చేరినా 23 డిగ్రీలే పెరుగుతాయి. తాడు మీద మాత్రం నీళ్లు పడనీయకు. తడిస్తే పట్టు మారిపోయి స్ప్రింగ్ బ్యాలెన్స్ ముల్లు గెంతులేస్తుంది.

ఈ బాధ పాతదే. 1821లో ఫ్రాన్స్‌లో ప్రోనీ అనే ఇంజనీరు చెక్క దిమ్మెలు ఇరుసుకి బిగించి శక్తి కొలిచాడు. అక్కడా ఇదే వేడి. 1870ల్లో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఓడ ఇంజన్ల కోసం రాపిడి బదులు నీళ్లనే బ్రేకుగా వాడాడు. లోపల సుళ్లు తిరిగే నీళ్లే శక్తిని మింగుతాయి, కొత్త నీళ్లు వస్తుంటే వేడీ వాటితోనే బయటికి పోతుంది. నాకు చాలా ఇష్టమైన ఆలోచన అది.

మీ ప్రాజెక్టు విషయానికొస్తే, బల్బులు చూపించేది టర్బైన్ పవర్ కాదు. బెల్టు, డైనమో తినగా మిగిలింది. డైనమోని గట్టిగా బిగించకుండా, రెండు చివరలా బేరింగుల మీద ఊగేలా కూర్చోబెట్టండి. దాని ఒంటికి 20 సెంటీమీటర్ల చెయ్యి బిగించి, కొసని వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద ఆనించండి. షాఫ్టు తిప్పే బలమే డైనమో ఒంటినీ తిప్పబోతుంది. అందుకని డైనమో ఎంత తిన్నా మీ కొలతకి ఢోకా లేదు. తూకం 500 గ్రాములు చూపించి, డైనమో 1000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే దాని షాఫ్టుకి సుమారు 100 వాట్లు అందుతున్నట్టే. బెల్టు నష్టం కూడా పోవాలంటే డైనమోని నేరుగా టర్బైన్ షాఫ్టుకే కలపండి.

బల్బుల బదులు హీటర్ కాయిల్ బకెట్ నీళ్లలో ముంచి లోడ్‌గా వాడండి. బల్బు ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు ఒక రెసిస్టెన్స్, వెలిగాక దానికి ఎన్నో రెట్లు. రీడింగు నిలకడగా రాదు. కాయిల్‌తో ఆ బెంగ లేదు. కాయిల్ తీగ మాత్రం మీ డైనమో వోల్టేజీకి సరిపోయేది చూసుకుని తెచ్చుకోండి, ఇళ్లలో వాడే 230 వోల్టుల కాయిల్ చిన్న డైనమో మీద లోడే తీసుకోదు.