జెర్సీ మీద నంబర్ ఉత్తినే ఉండదు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్ పెడితే నేనూ పక్కన కూర్చుంటాను. అప్పుడప్పుడు రిఫరీ మైకులో "72వ నంబర్ ఎలిజిబుల్" లాంటిదేదో అంటాడు, ఆట మళ్ళీ మొదలైపోతుంది. దేనికి ఎలిజిబుల్? ఈయన్ని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాడు.

జవాబు: ముందుకి విసిరిన బంతిని పట్టుకోడానికండి. బంతి తీసుకున్న టీమ్‌లో 11 మంది ఉంటారు కదా, వాళ్ళలో కనీసం 7గురు గీత మీద వరసగా నిలబడాలి. ఆ వరసలో రెండు చివర్ల ఉన్న ఇద్దరు, వరస వెనకున్నవాళ్ళు, వీళ్ళే పాస్ పట్టుకోవచ్చు (క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్ విసిరేవాడు, సెంటర్‌కి, అంటే వరస మధ్యలోంచి బంతి అందించేవాడికి, ఆనుకుని నిలబడి చేతికి బంతి తీసుకుంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతనికి ఆ అవకాశం లేదు, అది వేరే సంగతి). మధ్యలో ఉన్న ఐదుగురు (లైన్‌మెన్) అడ్డుకోడానికే, బంతి విసరకముందు ఒక గజం దాటి ముందుకి పోకూడదు కూడా.

ఇప్పుడు అవతలి టీమ్ వైపు నుంచి ఆలోచించండి. అంత తక్కువ టైమ్‌లో ఎవరు పరిగెడతారు, ఎవరు అక్కడే ఉంటారు అన్నది వాళ్ళకి ఎలా తెలియాలి? అందుకే నంబర్. 50 నుంచి 79 దాకా, 90 నుంచి 99 దాకా ఉన్నవాళ్ళు మామూలుగా పాస్ పట్టుకోకూడదు, వరస చివర్న నిలబడినా సరే. అంటే నిలబడిన చోటు ఒక్కటే సరిపోదు, నంబర్ కూడా కలవాలి. ఆ నంబర్లున్న ఆటగాడిని రిసీవర్‌గా, అంటే పాస్ పట్టేవాడిగా, వాడాలనుకుంటే అతను రిఫరీ దగ్గరికి వెళ్ళి చెప్పాలి, రిఫరీ అది అవతలివాళ్ళకి వినపడేలా ప్రకటించాలి. మీరు విన్నది అదే. ఈసారి గమనించండి, ఆ ఆటగాడు రిఫరీ వైపు నడుస్తూ ఛాతీ ముందు, సరిగ్గా నంబర్ ఉన్న చోట, చేతుల్ని పైకీ కిందకీ ఆడిస్తాడు, నా నంబర్ని లెక్కలోకి తీసుకోండి అన్నట్టు.

ఇలా చెప్పొచ్చి ఆడినవాళ్ళలో నాకు బాగా ఇష్టమైనది మైక్ వ్రేబెల్. న్యూ ఇంగ్లండ్ టీమ్‌లో లైన్‌బ్యాకర్, నంబర్ 50, అసలు పని ఎదుటివాళ్ళని పడగొట్టడం, అలాంటివాడు 2004, 2005 ఫిబ్రవరిల్లో జరిగిన రెండు సూపర్ బౌల్స్‌లోనూ (లీగ్ ఫైనల్స్) టచ్‌డౌన్ పాస్, అంటే అవతలి చివర గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్, పట్టాడు!

ప్రశ్న: 2023 చివర్లో డాలస్, డెట్రాయిట్ మ్యాచ్‌లో గెలిపించే పాస్ పట్టాక కూడా అది చెల్లదన్నారు. డెట్రాయిట్‌కి అన్యాయం జరిగిందంటారా?

జవాబు: ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. డిసెంబర్ 30, ఇంకో 23 సెకన్లు ఉందనగా డెట్రాయిట్ టచ్‌డౌన్ చేసి 20-19 దాకా వచ్చింది, టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు అవకాశంలో ఒక పాయింట్ కిక్‌తో సమం చేసుకోకుండా, ఇంకో పాస్‌తో రెండు పాయింట్లకే వెళ్ళారు. టేలర్ డెకర్, నంబర్ 68, రిఫరీ దగ్గరికి వచ్చాడు, అదే టైమ్‌కి డాన్ స్కిప్పర్, నంబర్ 70, బయట్నుంచి పరిగెత్తుకుంటూ అటే వచ్చాడు. రిఫరీ 70 ఎలిజిబుల్ అని ప్రకటించాడు. బంతి పట్టింది మాత్రం 68! తప్పు జరిగిందని జెండా పడింది, 5 గజాలు వెనక్కి. తర్వాత ప్రయత్నాలూ ఫలించలేదు, 20-19తో డాలస్ గెలిచింది. చెప్పింది డెకరేనని డెట్రాయిట్ వాళ్ళు, చెప్పింది 70 అని రిఫరీ, ఎవరి మాట వాళ్ళది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నా, నా జాలి అంతా డెకర్ మీదే, అంత కష్టమైన క్షణంలో లైన్‌మన్ అయ్యుండి బంతి వదలకుండా పట్టాడు. కానీ ఎవరు చెప్పొచ్చారో డాలస్‌కి తెలియకూడదు అనే కదా ఇద్దరూ ఒకేసారి అటు వచ్చింది, ఆ గజిబిజి ఎదుటివాళ్ళతో పాటు రిఫరీకీ తగిలింది. మైకులో 70 అని విన్న డాలస్ ఆటగాళ్ళు 68ని వదిలేయడం తప్పు కాదు, వాళ్ళు నమ్మాల్సింది ఆ ప్రకటననే.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2015 జనవరిలో బాల్టిమోర్ మీద న్యూ ఇంగ్లండ్, షేన్ వెరీన్ నంబర్ 34, మామూలుగా పాస్ పట్టేవాడే, అతను రిఫరీకి "నేను ఎలిజిబుల్ కాదు" అని చెప్పి రిసీవర్ నిలబడే చోట దూరంగా నిలబడ్డాడు. ఎవర్ని కాయాలో బాల్టిమోర్‌కి అర్థం కాలేదు, కోచ్ జాన్ హార్బా కోపంతో మైదానంలోకి వచ్చేసి పెనాల్టీ కూడా తెచ్చుకున్నాడు. న్యూ ఇంగ్లండ్ 35-31తో గెలిచింది. అదంతా అప్పటి రూల్ ప్రకారమే. ఆ ఏడాదే రూల్ మార్చారు, ఎలిజిబుల్ కాదని చెప్పినవాడు లైన్‌మెన్ ఉండే చోటే నిలబడాలని.

ప్రశ్న: ఒకప్పుడు రిసీవర్లంటే 80లే, ఇప్పుడు 1, 4, 7 ఏది పడితే అది వేసుకుంటున్నారు. రూల్ తీసేశారా?

జవాబు: తీసేయలేదు, వదులు చేశారు. 1952లో పొజిషన్ని బట్టి నంబర్లు అన్న పద్ధతి వచ్చినప్పుడు క్లీవ్‌లాండ్ క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహమ్ అంతటివాడు 60 వదిలేసి 14 వేసుకోవాల్సి వచ్చింది. 1973లో ఇంకా బిగించారు, రిసీవర్లకి 80లే అప్పుడు. 2004లో వాళ్ళకి 10-19 ఇచ్చారు. 2021లో కాన్సాస్ సిటీ ప్రతిపాదనతో రన్నింగ్ బ్యాక్స్ (బంతితో పరిగెత్తేవాళ్ళు), రిసీవర్లు, టైట్ ఎండ్స్ (అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్ళు) 1-49, 80-89లో ఏదైనా, లైన్‌బ్యాకర్లు 1-59, 90-99లో ఏదైనా వేసుకోవచ్చన్నారు. 2023లో ఫిలడెల్ఫియా అడిగాక 0 కూడా వచ్చింది, అది లైన్‌మెన్‌కి మాత్రం లేదు.

క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి 2021 మార్పు అస్సలు నచ్చలేదు. క్వార్టర్‌బ్యాక్ బంతి తీసుకునే ముందు డిఫెన్స్‌లో ఎవరు లైన్‌బ్యాకర్, ఎవరు సేఫ్టీ (వెనక కాపలా ఉండేవాడు) అని నంబర్లు చూసే తన లైన్‌మెన్‌కి చెప్తాడు, ఇద్దరికీ ఒకే రకం నంబర్లుంటే ఆ పని కష్టమే, కాబట్టి ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా నాకు ఈ మార్పు ఇష్టమే, కాలేజీలో పిల్లాడు ప్రాణంగా వేసుకున్న నంబర్ పైకొచ్చాక లాక్కోవడం ఎందుకు. లైన్‌బ్యాకర్ బ్రయన్ బాస్‌వర్త్ 1987లో సియాటిల్‌కి వచ్చి తన 44 కోసం లీగ్‌తో కోర్టుదాకా వెళ్ళాడు, ఓడిపోయి 55తో ఆడాడు, ఈ రూల్ అప్పుడే ఉంటే 44 దొరికేది. ఒక్క 50-79 మాత్రం ముట్టుకోకూడదు, పాస్ ఎవరు పట్టాలన్నది దాని మీదే నిలబడింది.

ప్రశ్న: కాలేజీ టీమ్‌లో ఒకే నంబర్ ఇద్దరికి చూశాను. తప్పా?

జవాబు: తప్పు కాదు. టీమ్‌లు పెద్దవి, నంబర్లు చాలవు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండకూడదు, అంతే.

ప్రశ్న: 00 ఎవరైనా వేసుకున్నారా?

జవాబు: ఓక్లాండ్ రైడర్స్ సెంటర్ జిమ్ ఆటో. సున్నాని ఇంగ్లిష్‌లో "ఆట్" అని కూడా అంటారు, 00 అంటే "ఆట్-ఓ", అది ఆయన ఇంటిపేరే. హ్యూస్టన్ ఆయిలర్స్ రిసీవర్ కెన్ బరో కూడా వేసుకున్నాడు. 1973 రూల్ వచ్చినా అప్పటికే వేసుకుంటున్నారని వాళ్ళిద్దర్నీ కొనసాగనిచ్చారు. 2023లో తిరిగొచ్చింది ఒంటి సున్నా మాత్రమే, 00 ఇప్పటికీ కుదరదు.