జట్టు చిన్నదైతే దారి దగ్గరవుతుందా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆయన కుమార్తె ఆరేళ్ల వయసు నుంచి రోలర్ స్కేటింగ్ చేస్తోంది, రాష్ట్ర స్థాయిలో పతకాలు కూడా తెచ్చుకుంది. 2026 ఫిబ్రవరిలో ఇటలీలోని మిలాన్–కోర్టినాలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఇద్దరే పాల్గొన్నారని చూసినప్పటి నుంచి ఆయనను ఒక ఆలోచన పట్టుకుంది. అమ్మాయిని ఐస్ స్కేటింగ్‌కు మార్చి, బడి మాన్పించి ఓపెన్ స్కూల్లో చేర్చి, విదేశంలో శిక్షణ ఇప్పిస్తే 2030కల్లా ఒలింపియన్ అవుతుందనీ, ఆ పేరుతో అమెరికా విశ్వవిద్యాలయంలో క్రీడా స్కాలర్‌షిప్పు వస్తుందనీ ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారట. ఇందుకోసం ఇంటి స్థలం అమ్మవచ్చా, లేక అమ్మాయిని ఇంటర్ ఎంపీసీకే సిద్ధం చేయాలా, రెండు దారులనూ పోల్చి చెప్పండి అని అడిగారు.

అయ్యా, మీ ఉత్తరంలో 'క్రికెట్‌లో లక్షల మంది ఉన్నారు, ఇందులో ఇద్దరే కదా' అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆట పేరు మారుతుంది గానీ ఈ మాట నాకు కొత్త కాదు. ఫెన్సింగ్ గురించి, గోల్ఫ్ గురించి, రోయింగ్ గురించి ఇదే లెక్క వేసుకుని వచ్చిన తల్లిదండ్రులతో ఎన్నోసార్లు మాట్లాడాను. బస్సులో ఇద్దరే ఉన్నారంటే సీట్లు ఖాళీగా ఉన్నాయని అనుకుంటున్నారు. శీతాకాల ఒలింపిక్స్‌లో ప్రవేశానికి మన దేశంలో మొదటి స్థానం ఒక్కటే చాలదు, అంతర్జాతీయ పోటీల్లో నిర్ణీత ప్రమాణాన్ని అందుకోవాలి. అలా మనకు దక్కిన స్థానాలు రెండే కనుక ఇద్దరు వెళ్లారు.

ఆ ఇద్దరిలో ఒకరైన ఆరిఫ్ ఖాన్ సంగతే చూడండి. గుల్‌మార్గ్‌లో తండ్రికి స్కీయింగ్ సామగ్రి దుకాణం ఉండేది, నాలుగేళ్ల వయసులోనే స్కీలు కట్టుకున్నారు. అంతటి మనిషి 2022 బీజింగ్‌లో భారత్ నుంచి ఏకైక క్రీడాకారుడిగా వెళ్లి మంచు వాలు మీద జెండాల మధ్య మెలికలు తిరుగుతూ జారే జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచారు, మలుపులు ఇంకా దగ్గరగా ఉండే స్లాలమ్‌లో పరుగు పూర్తి చేయలేకపోయారు. 1998 నుంచి 2018 వరకు ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని మంచు ట్రాక్‌పై జారే ల్యూజ్ బరిలో దిగిన శివ కేశవన్ మనాలి పక్కనే పుట్టి, మంచు ట్రాక్ లేక చక్రాలు బిగించిన స్లెడ్‌తో హిమాలయ ఘాట్ రోడ్ల మీద సాధన చేశారు. 2014లో సోచికి వెళ్లిన మన ముగ్గురూ, భారత ఒలింపిక్ సంఘం మీద నిషేధం ఉన్నందున, ప్రారంభ వేడుకలో మువ్వన్నెల జెండా కూడా పట్టుకోలేకపోయారు. నిషేధం తొలగాక ముగింపు వేడుకలో పట్టుకున్నారు. ఇలాంటి ఆటంకాలు మీ అమ్మాయి ఎంత కష్టపడినా ఆమె చేతిలో ఉండవు.

మరొక విషయం కన్సల్టెన్సీ వారు మీకు చెప్పలేదు. 1964 నుంచి శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన మనవారందరూ స్కీయింగ్, ల్యూజ్ క్రీడాకారులే. ఐస్ మీద స్కేట్లతో పందెం పరుగైన స్పీడ్ స్కేటింగ్‌లో ఇంతవరకు ఒక్కరూ అర్హత సాధించలేదు. అందులో చిన్న వలయంలో సాగే షార్ట్ ట్రాక్ పోటీకి 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల ఐస్ రింక్ కావాలి. డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింక్ ఏళ్ల తరబడి మూతపడి 2025లోనే మళ్లీ తెరుచుకుంది. స్కాలర్‌షిప్పు మాటకొస్తే, అమెరికా కళాశాలల క్రీడా పోటీలు నడిపే ఎన్‌సీఏఏ క్రీడల జాబితాలో స్కీయింగ్, ఐస్ హాకీ ఉన్నాయి గానీ స్పీడ్ స్కేటింగ్ లేనే లేదు. 'అరుదైన ఆట పట్టుకుంటే విదేశీ సీటు ఖాయం' అనే ఈ బేరం ఈమధ్య మన పట్టణాల్లో బాగా వ్యాపిస్తోంది. దాని మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట నమ్మి పిల్లను పరాయి దేశంలో ఒంటరిగా ఉంచి, రెండేళ్లకు తిరిగి తీసుకొచ్చి, ఏ తరగతిలో చేర్చాలో తెలియక కుమిలిపోయిన కుటుంబాలను దగ్గరగా చూశాను.

ఇక కొంచెం కఠినంగానే అంటాను, మన్నించండి. మీ రెండు పేజీల ఉత్తరంలో స్థలం ధర ఉంది, కన్సల్టెన్సీ ఫీజు ఉంది, 2030 అన్న సంవత్సరం నాలుగుసార్లు ఉంది, అమ్మాయి ఏమన్నదో ఒక్కచోట కూడా లేదు. తన కోసం ఇంటి స్థలం అమ్మారని తెలిసిన పద్నాలుగేళ్ల పిల్ల మంచు మీద జారిపడితే, మోకాలి నొప్పి కంటే ముందు ఆ స్థలమే గుర్తుకొస్తుంది. ఆ బరువు ఆమె మీద పెట్టకండి. స్థలం అమ్మకండి.

అయితే మీ అసలు భయం వేరని నాకు అర్థమైంది. ఎనిమిదేళ్లు తెల్లవారుజామున లేచి ఆమెను స్కేటింగ్‌కు తీసుకువెళ్లారు. రేపు ఇంటర్ రాగానే స్కేట్లు అటకెక్కుతాయి, అదంతా వృథా అవుతుందని మీ బెంగ. దానికి ఎరిన్ జాక్సన్ కథ చెబుతాను. మంచు ఎరుగని ఫ్లోరిడాలో పెరిగిన ఆ అమ్మాయి చక్రాల స్కేటింగ్‌లో రాణిస్తూనే 2015లో ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తి చేసింది, ఆ తరువాతే ఐస్ మీదికి మారింది. 2018లో ఒలింపిక్స్‌కు వెళ్లింది, 2022లో ఇరవై తొమ్మిదేళ్ల వయసులో పెద్ద వలయంలో సాగే లాంగ్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ 500 మీటర్లలో స్వర్ణం గెలిచింది. ఆమె వెనుక అమెరికా జట్టు వసతులు ఉన్నాయి, మనకు లేవు, నిజమే. కానీ చక్రాల మీద నేర్చిన తుంటి బలం, మలుపులో ఒరిగే నేర్పు మంచు మీద కూడా పనికొస్తాయనీ, చదువు పూర్తిచేసి వెళ్లినా ఆలస్యం కాదనీ ఆమె నిరూపించింది. అంత దూరం ఎందుకు, 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ తరఫున నయనశ్రీ షార్ట్ ట్రాక్‌లో స్వర్ణాలు తెచ్చింది. రోలర్ స్కేటింగ్‌లోనే ఉండిపోయినా చిన్నతనం కాదు. మన హైదరాబాద్ వాడైన అనూప్ కుమార్ యామాకు ఆ ఆటలోనే 2015లో అర్జున అవార్డు వచ్చింది.

పోల్చి చెప్పమన్నారు కానీ, పద్నాలుగేళ్ల వయసులో ఈ రెంటిలో ఒకటి వదులుకోవలసిన అవసరమే లేదు. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌కు విలువ లేదని నేను అనను. స్నేహితుల మధ్య ఉన్న పిల్లను ఇంత తొందరగా బయటికి లాగవద్దంటున్నాను. పదో తరగతి ఇక్కడే చదవనివ్వండి. ఇంటర్‌కు హాస్టల్ కాలేజీ కాకుండా, సాయంత్రం ఇంటికి పంపే కాలేజీ చూడండి. ఈ వేసవి సెలవుల్లో డెహ్రాడూన్‌లో శిక్షణకు వీలుందేమో ముందుగా కనుక్కొని, మీలో ఒకరు తోడుగా ఉండి నెలరోజులు ఆమెను ఐస్ మీద నిలబెట్టండి. రోజూ ఆమె తీసుకున్న సమయాలు రాసి ఉంచమని అక్కడి కోచ్‌ను అడగండి. వచ్చే వేసవికి మళ్లీ వెళ్లాలని ఉందా అన్నది మాత్రం ఆమెనే అడగండి. తిరిగి వచ్చాక నాకు రాయవలసినదేమైనా ఉంటే, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.