ఒంగోలులో ఆఫీసు పెడుతున్న నా జూనియరుకు

నెల్లూరు నుంచి ఆశీస్సులు.

అమ్మాయీ,

ఒంగోలులో సొంతంగా ఆఫీసు తెరుస్తున్నావనీ, కుటుంబ వ్యాజ్యాలే చూస్తావనీ రాశావు. సంతోషం. బల్ల ఎక్కడ వేయాలి, కుర్చీలు ఎన్ని కొనాలి, పుస్తకాలకు ఒక్క బీరువా చాలా అని కూడా అడిగావు. బీరువా సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు లోపలి గదికి తలుపు పెట్టించు.

ఒకసారి కందుకూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరగంట సేపు ఆయనే మాట్లాడాడు. కట్నం ఎంత, పసుపు కుంకుమ కింద రాసిన పొలం ఎంత, ఆడపడుచు లాంఛనాలు ఎంత, అన్నీ లెక్క చెప్పాడు. అల్లుణ్ణి జైల్లో పెట్టించాలన్నాడు. ఆ పిల్ల బస్సు టికెట్టును మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చుంది. గుమాస్తాకు సైగ చేసి ఆయన్ని కాఫీకి తీసుకువెళ్లమన్నాను. తలుపు మూశాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి, "మేడమ్, నా డిగ్రీ సర్టిఫికెట్లు ఆ ఇంట్లో ఉండిపోయాయి. తెప్పించగలరా?" అని అడిగింది.

అప్పటికి ఆమెకు కావలసింది అదొక్కటే. మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే పది రోజుల్లో వచ్చాయి. కేసు వేయాలని నాలుగు నెలల తరువాత తనే నిర్ణయించుకుంది. మొదటి రోజే వకాలతు మీద సంతకం పెట్టించుకుని ఉంటే, కూతురి పేరు మీద తండ్రి కేసు నడిపేదాన్ని.

విడాకుల కోసం వచ్చేవాళ్లది చావు ఇంట్లో ఉన్నవాళ్ల పరిస్థితి. ఆ పూట వాళ్లు అన్నదంతా వాళ్ల నిర్ణయం అనుకోకు. నువ్వు చెప్పినదీ వాళ్ల బుర్రలో నిలవదు. అందుకే ఆ రోజు మాట్లాడుకున్నది ఒక కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు. పరస్పర అంగీకారమైతే ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషను వేశాక ఆరు నెలలు ఆగాలి, ఆ ఆరు నెలలను మినహాయించే విచక్షణ కోర్టుకు ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఇంత చాలు. సెక్షన్ల అంకెలు నీ ఫైల్లో ఉంచుకో.

ఇదంతా విని నిదానమే ప్రధానం అనుకునేవు. కొట్టిన గుర్తులతో వచ్చినా, బిడ్డను లాక్కుని గెంటేశారన్నా ఓదార్పు రెండో పని. ఆ పూటే 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుకు అర్జీ తయారు చెయ్యి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని అదే చట్టం చెబుతుంది. ఇక "సర్దుకుపో" అనే మాట నీ నోట రాకూడదు. నీ గడప తొక్కేలోపు ఆ మాట పుట్టింట్లో, అత్తింట్లో, పెద్దమనుషుల పంచాయతీలో విని విని వచ్చి ఉంటుంది. రాత్రిపూట ఫోను చేసి బతకాలని లేదన్నవాళ్లతో చట్టం మాట్లాడకు. ఇంట్లో మరొకరిని లేపించు. మానసిక వేదనలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను లైను 14416కు చేయించు. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

మగవాళ్లూ వస్తారు. వాళ్లు ఏడవరు, అరుస్తారు. దాన్ని కోపంగానే చూశాను చాలా ఏళ్లు. సిగ్గు అని తరువాత తెలిసింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదట్లో ఒక భర్త తరఫున, భార్య వేసిన పిటిషనుకు జవాబుగా కౌంటరు రాశాను. ఆయన ఆవేశంగా చెబుతున్నాడు, నా కలం అంతకంటే ఆవేశంగా నడిచింది. భార్య నడవడిక మీద రెండు పేరాలు రాశాను. రుజువు లేదు. రాసేటప్పుడు ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఏడాది తిరగకుండానే ఆ భార్యాభర్తలు మెత్తబడ్డారు, కలిసి ఉండాలనుకున్నారు. ఆమె కోర్టు వరండాలో నా దగ్గరకు వచ్చి ఆ కౌంటరు నకలు చూపించింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "ఇది మీరు రాశారా, ఆయన చెప్పారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాళ్లు కలవలేదు.

రుజువు లేకుండా కౌంటరులో భార్య శీలాన్ని నిందించడమే ఆమెకు విడాకులు ఇవ్వడానికి చాలిన క్రూరత్వమని 2003లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే నేను నా కక్షిదారు మీదే ఆమెకు ఆయుధం అందించాను. నువ్వు ఏ పిటిషను రాసినా, వాళ్ల పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు అది చదువుతాడనుకుని రాయి. జరిగిన సంఘటన, తేదీ, చూసినవాళ్లు. విశేషణాలు కొట్టెయ్యి.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి: ఏ తీర్పూ రాకముందే ఆదివారాలు ఎవరి దగ్గర, పరీక్షలప్పుడు ఎక్కడ అన్నది ఒక కాగితం మీద పెట్టించు. నా దగ్గరకు వచ్చిన ఒక ఎనిమిదేళ్లవాడి బెంగ అమ్మా నాన్నా అని కాదు, సైకిలు ఏ ఇంట్లో పెట్టాలని. రెండు ఇళ్ల పెద్దలను కూర్చోబెట్టి ముందు ఆ సైకిలు తేల్చాం. మిగతావి కాస్త సులువయ్యాయి.

కోర్టుకు వెళ్లే ముందు కక్షిదారుకు ఒక విషయం చెప్పి ఉంచు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం అక్కడ లాయరు హక్కుగా నిలబడలేడు, అనుమతి కావాలి. రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి విధి. కాబట్టి కౌన్సెలర్ ముందు ఆమె ఒంటరిగా కూర్చోవలసి రావచ్చు. అది ముందే తెలియకపోతే నువ్వు వదిలేసి వెళ్లిపోయావనుకుంటుంది. పక్క ఊరివాళ్లు బెంచీ మీద కూర్చుని వింటారన్న భయం మన వైపు చాలా ఎక్కువ. ఇద్దరిలో ఒకరు కోరినా రహస్య విచారణ జరపాలని అదే చట్టంలో ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే గుండె దిటవు చేసుకున్నవాళ్లను ఎందరినో చూశాను.

మనోవర్తి కేసుల్లో ఆస్తి అప్పుల ప్రమాణపత్రం ఇద్దరూ వేయాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పు. అర్జీ పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్క. కానీ రొయ్యల చెరువున్న మనిషి ఆదాయం ఇంత అని చెప్పడం దేవుడి తరం కూడా కాదు. ఒక పంట లాభం, మరో పంట వైరస్. ఒక్క ఏడాది చూడకు, మూడేళ్లు చూడు. మేత దుకాణంలో ఖాతా, చెరువు లీజు కాగితం, కరెంటు బిల్లు తెప్పించు. పొగాకు అయితే ఆకు కాల్చే బ్యారన్ ఎవరి పేరున ఉంది, పొగాకు బోర్డు వేలం కేంద్రంలో అమ్మిన పట్టీలు ఎవరి పేరున ఉన్నాయి అని అడుగు. తరచుగా తండ్రి పేరున ఉంటాయి.

ఫీజు మొదటి రోజే చెప్పు, రాసి ఇవ్వు. వచ్చే భరణంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, ఎవరు చేస్తున్నా నువ్వు చేయకు. ఫీజు ఇవ్వలేని ఆడవాళ్లను జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచిత సహాయం ఉంది. పరస్పర అంగీకార కేసులో ఇద్దరికీ నువ్వే ఉంటానని ఒప్పుకోకు, ఎంత స్నేహంగా వచ్చినా రెండోవాళ్లను మరో వకీలు దగ్గరకు పంపించు.

రోజుకు ఇద్దరు కొత్త కక్షిదార్లకు మించి చూడకు. మూడో మనిషి దగ్గరకు వచ్చేసరికి మొదటి మనిషి ఏడుపు నీ గొంతులో ఉంటుంది. నేను సాయంత్రాలు స్వర్ణాల చెరువు గట్టు మీద నడిచేదాన్ని. రొట్టెల పండుగ రోజుల్లో అక్కడ పెళ్లి కావాలని మొక్కుకుని పెళ్లి రొట్టె కోసం నీళ్లలో నిలబడ్డవాళ్లను చూస్తుంటే, వీళ్లలో ఎందరు నా ఆఫీసు మెట్లెక్కుతారో అనిపించేది. పాపిష్టి ఆలోచన, కానీ వచ్చేది.

కుర్చీలు కొనకు. నా లోపలి గదిలోవి రెండు, చేతులున్నవి, ఈ నెలాఖరుకు లారీలో వేయిస్తాను. ఎదురెదురుగా వేయకు, కొంచెం వారగా వెయ్యి. తలుపు బిగించారో లేదో ఫోను చెయ్యి, అప్పుడే పంపుతాను.