ఎనిమిదో రౌండంటే ఎనిమిదో ర్యాంకు కాదు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పన్నెండో తరగతి. బేస్‌బాల్‌లో ఎడమచేతి పిచ్చర్ (బంతి విసిరేవాడు), గంటకు 89-91 మైళ్ల వేగంతో వేస్తాడు. ఒక మంచి కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తామని పిలిచింది. ఈమధ్య ఒక మేజర్ లీగ్ టీమ్ స్కౌట్ (కుర్రాళ్లను వెతికే మనిషి) ఇంటికి వచ్చి, జూలైలో జరిగే డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, 8 నుంచి 12 రౌండ్ల మధ్య తీసుకునే అవకాశం ఉందని చెప్పాడు. ఆ టీమ్ పాత డ్రాఫ్ట్‌లు చూస్తే నాకు తల తిరిగింది. ఎనిమిదో రౌండు కుర్రాడికి 10 వేల డాలర్లు, పదకొండో రౌండు కుర్రాడికి 5 లక్షలకు పైనే! గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. "ఎనిమిదో రౌండా? అంత వెనకైతే చదువుకోనివ్వండి" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ నాన్నగారి సలహా తప్పని అనను. ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. మనకు ఎంసెట్ అలవాటు కదా, నంబరు పెరిగేకొద్దీ సరుకు తగ్గుతుందనుకుంటాం. బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో మొదటి రెండు మూడు రౌండ్ల దాకా ఆ లెక్క కొంత నడుస్తుంది. ఆ తర్వాత రౌండు నంబరు చూసి కుర్రాడి విలువ కడితే మోసపోతాం. మీకు తల తిరిగింది అక్కడే.

డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లు. మొదటి 10 రౌండ్లలో ప్రతి పిక్‌కూ (టీమ్ ఒక కుర్రాణ్ణి ఎంచుకునే వంతుకు) స్లాట్ అని ఒక ధర ఉంటుంది. ఒక టీమ్ స్లాట్లన్నీ కలిపితే ఆ ఏడాది బోనస్‌ల (సంతకం పెట్టినందుకు కుర్రాళ్లకు ఇచ్చే సొమ్ము) కోసం దానికి దొరికే మొత్తం, అంటే పూల్. దాన్ని 5 శాతం లోపు దాటితే, దాటిన సొమ్ముపై 75 శాతం జరిమానా. అంతకు మించి దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండు పిక్ కూడా పోతుంది. అందుకే ఆ గీత ఎవరూ దాటరు. ఒకటో తారీఖు జీతంలో పాలకీ కూరలకీ తగ్గించి పిల్లాడి ఫీజుకి సర్దినట్టు, ఉన్న డబ్బులోనే అటూ ఇటూ సర్దుకుంటారు.

ఆ సర్దుబాటు ఎక్కువగా జరిగేది 6 నుంచి 10 రౌండ్లలో. కాలేజీలో నాలుగేళ్లూ ఆడేసిన కుర్రాళ్లకు వెనక్కి వెళ్లే దారి లేదు కాబట్టి బేరమాడే బలమూ లేదు. అలాంటి ముగ్గురిని 7, 8, 9 రౌండ్లలో తీసుకున్నారనుకుందాం. ఒక్కొక్కరి స్లాట్ 2 లక్షల పైచిలుకు. తలా 10 వేలకు సంతకం పెట్టించుకుంటే చేతిలో సుమారు 6 లక్షలు మిగులుతాయి. పదకొండో రౌండు నుంచి లక్షా 50 వేల దాకా ఇచ్చే బోనస్ పూల్ లెక్కలోకి రాదు. ఆ పైన ఇచ్చిందే లెక్క. అంటే మిగిల్చిన 6 లక్షలు దానికి కలిపి, పదకొండో రౌండులో ఒక హైస్కూల్ కుర్రాడికి 7.5 లక్షలు ఇవ్వొచ్చు. ఆ టీమ్ మనసులో నాలుగో రౌండు కుర్రాడు అతనే. కాగితం మీద మాత్రం పదకొండు.

కాబట్టి ఒక టీమ్ మధ్య రౌండ్లలో బాగా తీసుకుందా లేదా అని చూడాలంటే, రౌండు కాలమ్ చేత్తో మూసేసి బోనస్ కాలమ్ చదవండి.

కుమార్ రాకర్ సంగతి చూడండి. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచ్చర్. హైస్కూల్ అయ్యాక 2018లో కొలరాడో టీమ్ అతన్ని 38వ రౌండులో తీసుకుంది (అప్పట్లో రౌండ్లు ఇంకా ఎక్కువ). అది అతని స్థాయి కాదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మాటిచ్చిన కుర్రాడు సంతకం పెట్టడని అందరికీ తెలుసు. వెళ్లిన మొదటి ఏడాదే డ్యూక్ యూనివర్సిటీ జట్టు మీద 19 మందిని స్ట్రైకవుట్ చేస్తూ నో-హిట్టర్ వేశాడు, అంటే వాళ్లకు ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. 2021లో మొత్తం మీద పదో పిక్‌గా న్యూయార్క్ మెట్స్ టీమ్‌వాళ్లు తీసుకున్నారు గానీ, మెడికల్ పరీక్షల దగ్గర ఒప్పందం చెడింది. 2022లో టెక్సాస్ రేంజర్స్ టీమ్‌వాళ్లు మూడో పిక్‌గా తీసుకున్నారు, 52 లక్షల డాలర్లు ఇచ్చారు. అయితే 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ కూడా అయింది. కాలేజీకి వెళ్తే అంతా బాగుంటుందని నేను చెప్పడం లేదు. పిచ్చర్ చెయ్యి ఎక్కడైనా చెయ్యే.

మధ్య రౌండ్ల నుంచి మహామహులు రాకపోలేదు. ఆల్బర్ట్ పూహోల్స్ 1999లో పదమూడో రౌండు. జేకబ్ డిగ్రామ్ 2010లో తొమ్మిదో రౌండు, కాలేజీలో చాలాకాలం షార్ట్‌స్టాప్ (ఫీల్డింగ్ స్థానం) ఆడి చివర్లో పిచింగ్‌కి మారినవాడు. టారిక్ స్కూబల్ 2018లో తొమ్మిదో రౌండు, అప్పటికే మోచేతి ఆపరేషన్ అయినవాడు. స్కౌట్లు మీ సోఫాలో కూర్చుని ఈ పేర్లే చెబుతారు. ఆ ఏళ్లలో అవే రౌండ్లలో వచ్చి డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింది లీగ్) కూడా చూడకుండా ఇంటికి వెళ్లినవాళ్ల పేర్లు చెప్పరు.

మీవాడి సంగతికి వద్దాం. మేజర్ లీగ్‌లో సగటు ఫాస్ట్‌బాల్ ఇప్పుడు 94 మైళ్ల దగ్గరుంది. 90 వేసే కుర్రాడి కోసం స్కౌట్ ఇంటిదాకా వచ్చాడంటే చూసింది ఈనాటి వేగాన్ని కాదు. ఎత్తు, భుజాలు, ఇంకా కండ పట్టడానికి ఉన్న చోటు, బంతి తిరిగే తీరు, చెయ్యి వచ్చే కోణం. వీటి మీద పందెం వేస్తున్నాడు. కాబట్టి స్కౌట్‌ని "మావాడు ఎన్నో రౌండు?" అని అడగకండి. "వీడిలో మీరు ఏం మార్చాలనుకుంటున్నారు? ఎన్నాళ్లు పడుతుంది?" అని అడగండి. జవాబు తడబడితే అది కూడా ఒక సమాచారమే.

ఇక అతను మిమ్మల్ని అడిగేది ఒకటే ప్రశ్న: "మీ నంబరు ఎంత?" ఎంతిస్తే సంతకం పెడతారని. ఇక్కడ చాలా కుటుంబాలు తడబడతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ఇంట్లో తండ్రి 3 లక్షలన్నాడు, తల్లి వంటగదిలోంచి "చదువు మానేదే లేదు" అంది, కుర్రాడు నేల చూపులు చూశాడు. స్కౌట్ కాఫీ తాగి వెళ్లిపోయాడు. మొదటి 10 రౌండ్లలో తీసుకున్న కుర్రాడు సంతకం పెట్టకపోతే ఆ స్లాట్ డబ్బు టీమ్‌కి పోతుంది. అందుకే డ్రాఫ్ట్ రోజు పిక్‌కి ముందే ఫోన్ వస్తుంది, "ఇంత ఇస్తాం, సరేనా?" అని. ఆలోచించుకోవడానికి నిమిషాలే. అందుకని నంబరు ముందే తేల్చుకోవాలి, ఇంట్లో అందరి నోటా అదే నంబరు రావాలి.

ఎంత చెప్పాలి? ఇది నా అభిప్రాయం మాత్రమే. స్కాలర్‌షిప్‌తో మంచి కాలేజీ చేతిలో ఉండగా 4 లక్షల లోపు అయితే నేను వద్దంటాను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా ఫెడరల్ పన్ను, ఏజెంట్ కమీషన్ తప్పవు. మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది మెట్లు) జీతాలు 2023 ఒప్పందంతో పెరిగాయి, వసతి కూడా టీమే ఇస్తుంది. అయినా అప్పుడు ఖరారైంది అట్టడుగు స్థాయిలో ఏడాదికి 19,800 డాలర్లు, అన్నిటికన్నా పై మెట్టైన ట్రిపుల్-ఏలో 35,800. అంటే మైనర్ లీగ్‌లో గడిపే నాలుగైదేళ్లకూ ఆసరా ఈ బోనసే. సంతకం పెడితే కాలేజీ బేస్‌బాల్ తలుపు మూసుకున్నట్టే. చదువుకి తర్వాత టీమ్ డబ్బు కట్టే ఏర్పాటు ఉంది గానీ, అది కాంట్రాక్టులో అంకెలతో సహా రాసి ఉండాలి. నోటిమాట చెల్లదు. కాలేజీకి వెళ్తే మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత మూడో ఏడాది అయ్యాక, లేదా 21 ఏళ్లు నిండేటప్పుడు.

సంతకం పెట్టినా పెట్టకపోయినా మీవాడి అభిప్రాయం విడిగా కూర్చోబెట్టి అడగండి. మీ ఉత్తరంలో అది ఒక్క వాక్యం కూడా లేదు.

చివరగా ఒక పని. ఆ టీమ్ గత ఆరేడేళ్లలో 6 నుంచి 12 రౌండ్లలో తీసుకున్న పిచ్చర్లందరినీ ఒక నోటుబుక్కులో రాయండి: పేరు, హైస్కూలా కాలేజీనా, బోనస్ ఎంత, ఇప్పుడు ఏ లీగ్‌లో ఉన్నాడు. బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో చాలావరకు దొరుకుతుంది. నిన్నమొన్న తీసుకున్నవాళ్లను లెక్కించకండి, హైస్కూల్ కుర్రాడి సంగతి తేలడానికి కనీసం మూడు నాలుగేళ్లు పడుతుంది. హైస్కూల్ పిచ్చర్లు ఆ జాబితాలో అసలు లేకపోతే, మీ ఇంటికి ఎందుకొచ్చారని నిలదీసి అడగొచ్చు. ఈ పని మీ నాన్నగారికి అప్పజెప్పండి. లెక్కల మాస్టారు, పైగా తిరుగు టికెట్‌కి ఇంకా టైముంటే బాగా చేస్తారు.